నిండుకున్న ప్రమాణం

మంత్రిగారు మీట నొక్కగానే తెర మీద "బిడ్డ చచ్చింది. తల్లి ఎదురుచూస్తోంది" అని వచ్చింది.

అది తెలుగు నిర్వహణ వ్యవస్థ ప్రారంభోత్సవం. నిర్వహణ వ్యవస్థంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది. కంప్యూటర్ పెట్టగానే అందరికంటే ముందు లేచి, ఎవరికి ఎంత చోటు, ఎవరిది ముందు వంతు, ఏది ఎక్కడ పెట్టాలి అన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ అట. ఇంట్లో ఇల్లాలి లాంటిది. అన్నీ సవ్యంగా జరిగినన్నాళ్ళూ అదొకటుందని ఎవరికీ గుర్తుండదు.

దాన్ని తయారుచేసిన ఇంజనీరమ్మాయి నస్రీన్ వేదిక మీదే వివరించబోయింది. ఒక పనిలోంచి ఇంకో పని పుడితే మొదటిదాన్ని తల్లి అనీ రెండోదాన్ని బిడ్డ అనీ అంటారట. బిడ్డ పని ముగిస్తే చచ్చిందంటారట. ఇంగ్లీషులో లోకమంతా ఇలాగే అంటారనీ, తను ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టాననీ చెప్పింది. మంత్రిగారు వినే స్థితిలో లేరు. ఆయన కోడలికి అప్పుడు నెలలు నిండాయి. కొబ్బరికాయ కొట్టకుండానే కారెక్కి వెళ్ళిపోయారు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. నిర్వహణ వ్యవస్థ తెలుగువాళ్ళతో ఏ మాట అనవచ్చో, ఏది అనకూడదో తేల్చడానికి ఒక సంఘం. దాని పేరు నిర్వహణ వ్యవస్థ మంగళ భాషా ప్రమాణాల సంఘం. అధ్యక్షులు వేమవరపు గంగాధరంగారు, రిటైరైన పెద్ద అధికారి. భాషానిపుణులు డాక్టర్ భాష్యకారులుగారు. కన్వీనరు నస్రీన్. వీళ్ళు కాక సామాన్య గృహిణి ఒకరు ఉండాలని ఉత్తర్వులోనే ఉంది. మా ఆయన ఆ ఉత్తర్వు వెలువడ్డ ఆఫీసులో సూపరింటెండెంటు. సామాన్యత విషయంలో నాకు సాటి వచ్చేవాళ్ళెవరూ లేరని ఆయనే రాసి పంపారట. అలా నేను సభ్యురాలినయ్యాను.

మొదటి సమావేశం మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టారు. మొదటి తీర్మానం, సభ జరుగుతుండగా అధ్యక్షులవారి నోట వచ్చిన ప్రతి మాటా ఆ క్షణం నుంచే ప్రమాణం, దాన్ని వెంటనే వ్యవస్థలో పెట్టాలి అని. అది చదువుతుండగానే గంగాధరంగారికి చిన్న కునుకు పట్టింది. పనిని ఖాయం చేసే బొత్తాం మీద ఏం రాయాలని నస్రీన్ అడిగింది. ఆయన కళ్ళు తెరవకుండా "ఊఁ" అన్నారు. అందుకే ఈనాటికీ మన రాష్ట్రంలో ఏ కంప్యూటర్ చూసినా ఆ బొత్తాం మీద "ఊఁ" అని ఉంటుంది.

మెలకువ వచ్చాక ఆయన ప్రారంభోపన్యాసం చేశారు. "యంత్రమైనా సరే, తెలుగింటి గడప దాటి లోపలికి వచ్చిన పిమ్మట తెలుగింటి మర్యాదను పాటించవలసి యుంటుందని సూత్రప్రాయంగా నిర్ణయించడమైనది. ఇంట్లో పెద్దవాళ్ళు అనని మాట యంత్రం కూడా అనరాదు."

ఆ సూత్రం నాకూ నచ్చింది. మా అత్తగారు ఉండగా దీపం ఆరిపోయిందంటే ఒప్పుకునేవారు కాదు, కొండెక్కిందనాలి. గాజు పగిలితే పెరిగిందనాలి. పోయొస్తానంటే పళ్ళు రాలగొడతాననేవారు.

భాష్యకారులుగారు ఒక్కొక్క మాటే తీసి సరిచేసుకుంటూ పోయారు. చంపు అన్నచోటల్లా సాగనంపు అని పెట్టారు. సర్వర్ ఆగిపోతే కొండెక్కింది అనాలన్నారు. ఫైలు పాడైతే పెరిగింది అనాలన్నారు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుంది కనుక, ఫైలుని దాచేటప్పుడు ఎక్కడ దాచాలని వ్యవస్థ అడగడం మానాలన్నారు. అప్పటినుంచి ఫైళ్ళు తమకు తోచినచోటికి వెళ్ళి కూర్చుంటున్నాయి.

కంప్యూటర్ని కట్టేసినప్పుడు అది ఏమనాలి అన్న దగ్గర చర్చ జరగనే లేదు. అందరం ఒక్కసారే "వెళ్ళొస్తాను" అన్నాం. నస్రీన్ రాసుకుంది. తర్వాత గంగాధరంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అన్నమాట నిలబెట్టుకునే ఏర్పాటు చేయడమైనదా?" అని అడిగారు. నస్రీన్‌కి అర్థం కాలేదు. వెళ్ళొస్తానన్నాక రావాలిగా, లేకపోతే ప్రభుత్వ యంత్రం అబద్ధమాడినట్టవుతుందిగా అని ఆయన భావం. తీర్మానం అయిపోయింది. ఆ వారం నుంచి మా ఆయన ఆఫీసులో కంప్యూటర్ కట్టేస్తే "వెళ్ళొస్తాను" అని తెర నల్లబడేది, మీరు కుర్చీ వెనక్కి జరిపేలోగా "వచ్చేశాను" అని వెలిగేది. ప్లగ్గు పీకడం పొమ్మనడంతో సమానమని ఇంకో తీర్మానం చేసి దాన్నీ నిషేధించారు. సిబ్బంది లైట్లూ ఫ్యాన్లూ ఆపి, కంప్యూటర్లని మాత్రం అలాగే వదిలేసి ఇళ్ళకి పోతున్నారు.

చిన్న చిన్న ఇబ్బందులు అక్కడక్కడా వచ్చిన మాట నిజమే. ఒక ఆఫీసులో "జీతాల ఫైలు పెరిగింది" అని తెర మీద రాగానే యూనియన్ వాళ్ళు లడ్డూలు పంచారు. ఇంకోచోట సర్వర్ కొండెక్కిందని కబురొస్తే, బాగుచెయ్యడానికి వచ్చిన కొత్త మెకానిక్ మెట్లదారిన కొండ మీదికి వెళ్ళి, దర్శనం చేసుకుని, అందరికీ పులిహోర తెచ్చాడు. గంగాధరంగారు ఈ రెంటినీ ప్రమాణం ప్రజల్లోకి వెళ్తోందనడానికి నిదర్శనాలుగా నివేదికలో చేర్చారు.

మూడో సమావేశంలో అసలు మాటలు వచ్చాయి. ఖాళీ, అయిపోయింది, లేదు. నిర్వహణ వ్యవస్థ రోజుకి వెయ్యిసార్లు అనే మాటలవి. భాష్యకారులుగారు నావైపు తిరిగి, డబ్బాలో బియ్యం అయిపోతే మీరేమంటారమ్మా అని అడిగారు. నిండుకున్నాయంటామండీ అన్నాను. ఆయన బల్ల చరిచారు. అంతటి మాట ఏ భాషలో ఉంది, ఖాళీ డబ్బాని కూడా నిండుగా చూసే జాతి మనది అన్నారు. నాకు ఇంకో సమోసా వేశారు.

నస్రీన్ ఒక్కతే నసిగింది. "సార్, నిండటం అంటే మెషిన్‌కి ఒకటే సార్, ఫుల్. ఉన్నాయా, లేవా అని తెలవాలి దానికి. మీరు చెప్పేదేమో లేకపోతే నిండుకున్నాయి, ఉంటే నిండాయి. అదెట్టా తెలుసుకుంటది?"

"నిర్వచనాల ఉపసంఘం చూసుకుంటుంది" అన్నారు గంగాధరంగారు.

ఉపసంఘం అంటే భాష్యకారులుగారే. ఆయన వ్యాకరణం ప్రకారం విడగొట్టి, నిండు, కొను, అనగా తనంతట తాను నిండుట అని నిర్వచనం రాశారు. మరి వాడుకలో అర్థం వేరు కదండీ అని నేనే అన్నాను. దానికి గంగాధరంగారు నవ్వి, "ఇంట్లో అర్థం ఇంట్లో ఉంటుంది. ప్రమాణంలో అర్థం ప్రమాణంలో ఉంటుంది. రెంటినీ కలిపివేయడం అరాచకానికి దారితీయగలదు" అన్నారు. నిర్వహణ వ్యవస్థలో ఒక మంగళ తెర పెట్టించారు. ఎవరు ఏం టైపు చేసినా, అది బయటికి వెళ్ళేలోగా ఈ తెర అశుభపు మాటల్ని వడకట్టి శుభంగా మార్చి పంపుతుంది. సమావేశాల్లోనూ ఇకనుంచి మంగళ భాషే మాట్లాడాలని కూడా నిర్ణయించారు.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. మా ఆయన అక్క, సత్యవేణి. కృష్ణ అవతల ఒక ఊళ్ళో ప్రభుత్వ ఆడపిల్లల హాస్టలుకి వార్డెను. ఊరిపేరు ఎందుకులెండి. కూలికి వలసపోయేవాళ్ళ పిల్లలే ఎక్కువ అక్కడ. ఎండాకాలం సెలవులు తప్ప వాళ్ళని ఇంటికి పంపడానికి ఆవిడ ఒప్పుకోదు. మధ్యలో ఇంటికెళ్ళిన పిల్ల మిరపకోతలకి పోతుంది, మళ్ళీ బడికి రాదు. ఆవిడ అనుభవం అది.

ఒకరోజు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. ఎప్పుడూ కూరేం వండావని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు అడగలేదు. హాస్టల్లో బియ్యం అయిపోవచ్చాయని గోడౌనుకి కంప్యూటర్లో ఇండెంటు పెట్టిందట. లేవు అని కొడితే తెర మీద నిండుకున్నాయి అని పడిందట. మంచిదేలే, మర్యాదగానే ఉందనుకుందట. బియ్యం మాత్రం రాలేదు. బదులుగా, బియ్యం నిండుగా ఉంచుకున్నందుకు అభినందనలు అని ఒక సందేశం వచ్చింది. ఇప్పుడు పూర్తిగా అయిపోయి, ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చేటల్లో బియ్యం అడిగి తెచ్చి వండుతోందట.

గోడౌనుకి స్వయంగా వెళ్ళి అడగలేకపోయావా అన్నాను.

"వెళ్ళకుండా ఉంటానా వల్లీ. గోడౌను బాబు తెర చూపించాడు. మీ దగ్గర నిండుగా ఉన్నాయని గవర్నమెంటే చెప్తుంటే నేను మూటలెట్టా వదుల్తానమ్మా, నా ఉద్యోగం పోద్ది అంటాడు. డబ్బా తెచ్చి బోర్లించి చూపించా. డబ్బా చూడ్డం మా రూల్స్‌లో లేదన్నాడు. ఎవరే ఈ మాట పెట్టింది? వాళ్ళ నోట్లో..." అని ఆగి, "చక్కెర పొయ్య" అంది.

నేను సమోసా సంగతి ఎత్తలేదు.

"నిన్న మాణిక్యం అని తొమ్మిదో తరగతి పిల్ల సంచి సర్దుకుని వచ్చింది. మా ఇంట్లో గంజన్నా ఉంటది, వెళ్ళొస్తాను మేడమ్ అంది. దాన్ని వెళ్ళిరా అనలేక నోరు మూసుకుని కూచున్నా. నేను ఆ మాట అనందే కదలకూడదని గేటు దగ్గరే నిలబడింది, పిచ్చిమొహం. సాయంత్రం దాకా నిలబెట్టి లోపలికి పిలిచా. ఎన్నాళ్ళు నిలబెట్టను చెప్పు?"

ఆ వారం సమావేశంలో లేచి నిలబడి, హాస్టల్లో బియ్యం లేవండీ, పిల్లలు వెళ్ళిపోయేట్టున్నారు అన్నాను. గంగాధరంగారు చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. "గౌరవ సభ్యురాలు వాడిన మాట ప్రమాణం వెలుపల ఉండిపోయినందున సభకు వినపడుట మానివేసినది. ఫిర్యాదును వ్యవస్థ ద్వారా సమర్పించవలసిందిగా కోరడమైనది."

అక్కడే ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నస్రీన్ పక్కన నిలబడింది. హాస్టల్లో బియ్యం లేవు అని కొట్టాను. హాస్టల్లో బియ్యం నిండుకున్నాయి అని పడింది. పిల్లలకి తిండి లేదు అంటే పిల్లలకి తిండి నిండుకుంది అని పడింది. పిల్లలు ఆకలితో చచ్చిపోతున్నారు అని కొట్టాను. పిల్లలు ఆకలితో వెళ్ళొస్తున్నారు అంది. ఇది అన్యాయం అన్నాను. ముందున్న అశుభపు అక్షరం మింగేసి, ఇది న్యాయం అంది. "ఊఁ" తప్ప వేరే బొత్తాం కనపడలేదు.

"ఆంటీ, తప్పంతా నాది కాదు ఆంటీ" అంది నస్రీన్ నా చెవిలో. "వాళ్ళు చెప్పిందే పెట్టా. తీసెయ్యాలంటే ఆయన నోట ఆ మాట రావాలి. సభలో రావాలి. ఆయనేమో ఇంట్లో కూడా ప్రాక్టీసు చేస్తన్నారంట. మొన్న పాలవాడు రాకపోతే, పాలవాడు రేపొచ్చే పనిలో ఉన్నాడన్నారంట."

నా ఫిర్యాదుని గంగాధరంగారు పైకి చదివించారు. బియ్యం నిండుకున్నాయి, తిండి నిండుకుంది, ఇది న్యాయం. చదవడం పూర్తయ్యేసరికి ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రమాణం అమలై ఇంత చక్కని ఫలితం ఇచ్చిన మొదటి సంస్థ ఇదేననీ, దీనికి మంగళ పతాకం బహూకరించాలనీ, తర్వాతి సమావేశం ఆ హాస్టల్లోనే జరపాలనీ తీర్మానించారు. భోజనం కూడా అక్కడే. నేను వద్దనడానికి చూశాను. వద్దు అనే మాట కూడా ప్రమాణం వెలుపలే ఉంది.

వదినకి ఫోన్ చేసి చెప్పాను. ఎంతమంది వస్తున్నారని అడిగింది. తర్వాత, "రానీ. ఇంటికొచ్చేవాళ్ళని రావద్దనే అలవాటు మనకి ఎక్కడుంది?" అంది.

మేం వెళ్ళిన రోజు హాస్టలు ముగ్గులతో కళకళలాడుతోంది. పిల్లలు గేటు దగ్గర వరసగా నిలబడి నమస్కారాలు పెట్టారు. ఆ వరసలో సంచి చంకన పెట్టుకుని ఒక సన్నపాటి పిల్ల ఉంది. అడగక్కర్లేకుండానే అదే మాణిక్యమని తెలిసింది. భోజనశాలలోనే సభ మొదలైంది. నస్రీన్ లాప్‌టాప్ తెరిచి పెట్టుకుంది. గంగాధరంగారు జెండా అందించి, మంగళ భాష వల్ల మనస్సులు, మనస్సుల వల్ల డబ్బాలు ఎలా నిండుతాయో చాలాసేపు చెప్పారు. ఆకలి మీదున్న పిల్లలకి చప్పట్లు కొట్టే ఓపిక ఎక్కడిదో గాని, కొట్టారు.

భోజనానికి లేవండని వదిన పిలిచింది. గంగాధరంగారు షుగరు మాత్ర వేసుకుని వచ్చి కూర్చున్నారు. సభ ముగిసినట్టు ఆయన ప్రకటించలేదు. భోజనం కూడా కార్యక్రమంలో భాగమేనని అన్నారు.

మాకు ఒక వరస, ఎదురుగా పిల్లలకి ఒక వరస. అందరి ముందూ స్టీలు కంచాలు. వదిన ఒక్కొక్క కంచంలో ఉప్పు వేసింది. గోంగూర పచ్చడి వేసింది. గ్లాసుల్లో మంచినీళ్ళు పోసింది. పోసి, చేతులు కట్టుకుని నిలబడింది.

"అన్నమండీ" అన్నారు భాష్యకారులుగారు.

"నిండుకుందండి" అంది వదిన.

"సంతోషం" అన్నారు గంగాధరంగారు. కంచం కాస్త ముందుకి జరిపారు.

గంగాధరంగారు పచ్చడి వేలితో తీసి నాలిక్కి రాసుకుని, బాగుందన్నారు. కొంచెం ఆగి, వడ్డించవచ్చునని సూచించడమైనది అన్నారు.

"నిండుకుందండి. రెండు వారాలుగా నిండుకునే ఉంది. ఈ పిల్లల ఇళ్ళల్లో కూడా నిండుకునే ఉంది. అందుకే ఇక్కడికి పంపించారు."

భాష్యకారులుగారి మొహంలో ఇంటి అర్థం మెల్లగా తెల్లవారింది. ఆయన పక్కకి వంగి, "గంగాధరంగారూ, మా ఆవిడ నిండుకున్నాయంటే నేను సంచీ పట్టుకుని బజారుకి వెళ్తాను" అన్నారు.

"ప్రమాణం ప్రకారం?"

"ప్రమాణం ప్రకారం మనకి కడుపు నిండింది."

గంగాధరంగారి నుదుట చెమట పట్టింది. మాత్ర పని మొదలుపెట్టింది. ఎదురు వరసలో పిల్లలు ఖాళీ కంచాల ముందు ఏమీ జరగనట్టే కూర్చుని ఉన్నారు, అలవాటైనవాళ్ళలా. ఆయన ఒకసారి వాళ్ళ కంచాలు చూశారు, ఒకసారి తన కంచం చూసుకున్నారు. ఇన్నాళ్ళ సాధన ఒక్కసారిగా జారిపోయింది.

"అన్నం లేదని చెప్పరేమమ్మా!"

నస్రీన్ చేతులు లాప్‌టాప్ మీద ఆగాయి.

"సార్, అధ్యక్షులవారి నోట 'లేదు' అనే మాట వచ్చింది సార్. సభ ఇంకా నడుస్తానే ఉంది. మొదటి తీర్మానం ప్రకారం ప్రమాణంలో పెట్టెయ్యనా?"

ఆయన తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, నీరసంగా "ఊఁ" అన్నారు.

నస్రీన్ "ఊఁ" నొక్కింది.

వదిన అప్పటికే ఆయన నోట్లో బెల్లం ముక్క పెట్టింది. తర్వాత చెయ్యి కడుక్కుని వెళ్ళి, హాస్టలు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ బియ్యం లేవు అని కొట్టింది. అలాగే పడింది. బియ్యం లేవు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుంది. అంత మంగళకరమైన మాట ఈ మధ్య విన్లేదంది.

నిమిషంలో ఫోన్ మోగింది. గోడౌను బాబు. "అదేంటమ్మా, ఇన్నాళ్ళూ చెప్పరేం?" అని కోప్పడ్డాడు. గోడౌను ఊరి చివరే. ట్రాక్టరు మీద మూటలు వచ్చేదాకా మేమంతా అరుగు మీద కూర్చున్నాం. గంగాధరంగారు ఇంకో బెల్లం ముక్క అడిగి తిన్నారు. ఎసరు పెట్టి, వండి, వార్చేసరికి పొద్దు వాలింది. మొదటి పంక్తి పిల్లలకి వేశారు. రెండో పంక్తిలో సంఘం కూర్చుంది. గంగాధరంగారు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నాలుగోసారి వదిన అడిగితే, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలు అన్నారు. ఆ మాటని నస్రీన్ రాసుకోబోతే, సభ ముగిసిందమ్మా అన్నారు.

మాణిక్యం పంక్తిలోంచి లేచి కంచం కడిగి పెట్టి, గేటు వైపు కాకుండా గదిలోకి వెళ్ళింది. సంచిలోంచి పుస్తకాలు బయటికి తీస్తున్న చప్పుడు మాకు వినపడింది. వదిన అటు చూసి చూడనట్టు మొహం తిప్పుకుంది.

మేం బయల్దేరాం. గంగాధరంగారు జీపు దగ్గర ఆగి, చేతులు జోడించి, ఈ హాస్టలుని సంఘం దత్తత తీసుకోదలచినదనీ, నెలకొకసారి సమావేశం ఇక్కడే జరపాలని సూత్రప్రాయంగా ఉన్నదనీ చెప్పారు. చెప్పి, మర్యాదగా అన్నారు.

"వెళ్ళొస్తామండీ."

మా వదిన పద్ధతి గల మనిషి. గడప దిగే ఎవరినైనా, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినవాణ్ణి కూడా, ఒక్క మాట తగ్గించి పంపగా నేను చూడలేదు. ఆ రోజు మాత్రం ఆయన వైపు నిండుగా నవ్వింది.

"వెళ్ళండి" అంది.